తలకు, వెన్నుకు ఆపరేషన్ అయ్యాక: ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి స్ట్రెచర్ మీదే ఇల్లు చేరిన మనుషుల దగ్గరకు వెళ్లడం నా పని. ఫిజియోథెరపిస్టుని. హైవే మీద బైకు పడినవాళ్లు, మిరపకోతలకు వెళ్తూ ఆటో బోల్తాపడిన ఆడవాళ్లు, తాటిచెట్టు మీంచి జారినవాళ్లు, లారీ మీద మిర్చి టిక్కీలు సర్దుతూ వెల్లకిలా పడిన హమాలీలు, బాత్రూములో కాలుజారిన పెద్దవాళ్లు. దెబ్బ ఎలా తగిలినా ఇంటివాళ్లు అడిగేవి మాత్రం ఇంచుమించు ఇవే ప్రశ్నలు.

ఆపరేషన్ సక్సెస్ అన్నారు. మరి చెయ్యీ కాలూ ఎందుకు కదలట్లేదు?

సర్జన్‌గారు సక్సెస్ అన్నది, మీరు విన్నది ఒకటి కాదు. గడ్డకట్టిన నెత్తురు తీశాం, మెదడు మీద ఒత్తిడి తగ్గింది, ప్రాణం నిలిచింది అని ఆయన అర్థం. లేచి నడుస్తాడని మీరు విన్నారు. కాలువకు అడ్డంపడిన చెట్టును తీసేస్తే నీళ్లు పారతాయి. ఎండిన మడి మాత్రం ఆ పూటే పచ్చబడదు. దెబ్బకు చనిపోయిన మెదడు కణాలను ఏ ఆపరేషనూ బతికించలేదు. చుట్టూ వాచి, నలిగి, ఇంకా బతికున్న భాగాన్ని కాపాడటమే సర్జరీ చేసే మేలు. ఆ మిగిలిన భాగానికి పోయిన పనులు మళ్లీ నేర్పేది రిహాబిలిటేషన్.

అసలు ఆపరేషనే లేని దెబ్బలూ ఉన్నాయి. బండి వేగంగా గుద్దుకున్నప్పుడు తల ఊగిన ఊపుకి మెదడు లోపలి నరాల తీగలు అక్కడక్కడా తెగుతాయి. స్కానింగులో తీయడానికి గడ్డ ఉండదు, మనిషి మాత్రం కళ్లు తెరవడు. "ఆపరేషన్ కూడా చేయలేదండీ, వదిలేశారు" అని అలాంటివాళ్ల ఇంట్లో బాధపడతారు. వదిలేయడం కాదు, కత్తికి అందే జబ్బు కాదది.

జీసీఎస్ ఇంత ఉంది అంటారు. అదేమిటి?

గ్లాస్గో కోమా స్కేల్. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గో డాక్టర్లు పెట్టిన లెక్క. కళ్లు తెరవడం, మాట్లాడటం, కదలడం: ఈ మూడింటికీ మార్కులు వేసి కూడతారు. పూర్తి స్పృహలో ఉంటే 15, అన్నిటికన్నా తక్కువ 3. సున్నా ఉండదు. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే దెబ్బ తీవ్రమైనదని అర్థం. గొంతులో గొట్టం ఉన్నవాళ్లకు మాట మార్కు సరిగా వేయలేరు, కాబట్టి ఆ ఒక్క అంకె పట్టుకుని పక్క బెడ్ వాళ్లతో పోల్చుకోకండి.

ఐసీయూలో ఉండగానే ఫిజియో ఎందుకు? కాస్త కోలుకోనివ్వకూడదా?

కోలుకునేదాకా ఆగితే పాదం కిందికి వాలిపోయి, వేళ్లు ముడుచుకుపోయి, భుజం పట్టేసి ఉంటుంది. ఆ తర్వాత మెదడు "కదులు" అన్నా కదలడానికి కీలు ఒప్పుకోదు. అందుకే కీళ్లన్నీ రోజూ ఆడించడం, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా చూడటం, పడుకోబెట్టే తీరు మార్చడం మొదటి రోజుల నుంచే సాగాలి. అయితే తల లోపల ప్రెషర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఎంతవరకు కదపాలో, వెన్నుపూస విరిగినవాళ్లను ఎప్పుడు కూర్చోబెట్టాలో చెప్పాల్సింది న్యూరోసర్జనే. ఆయన సరేననేదాకా వెన్ను దెబ్బవాళ్లను దుంగను దొర్లించినట్టు తల, నడుం, కాళ్లు ఒకే వరసలో ఉంచి తిప్పాలి. ముగ్గురు మనుషులుంటే మేలు.

పుర్రె ఎముక తీసి పొట్టలో దాచారు. అలాగే ఎన్నాళ్లు? దాంతో ఫిజియో చేయించవచ్చా?

ఈ మాట మొదట విన్నప్పుడు ఇంటివాళ్ల ముఖాలు చూడాలి! మెదడు బాగా వాచినప్పుడు పుర్రె లోపల చోటు చాలదు. అందుకని ఒకవైపు పుర్రె చిప్ప కొంత కోసి తీసేసి, వాపుకు దారి ఇస్తారు. తీసిన ఎముకను పొట్ట చర్మం కింద కొవ్వులో దాస్తారు, లేదంటే డీప్ ఫ్రీజర్లో పెడతారు. వాపు తీసి, పుండు మానాక దాన్ని తిరిగి అమరుస్తారు. చాలామందికి 6 వారాల నుంచి 6 నెలల లోపు జరుగుతుంది. ఎముక అరిగిపోయినా, చీము పట్టినా టైటానియం రేకు లాంటివి వాడతారు.

ఆ మధ్యకాలంలో ఫిజియో ఆపక్కర్లేదు. ఎముక లేనివైపు ఒత్తిగిలి పడుకోబెట్టకండి. లేపి నిలబెట్టేటప్పుడు తలకు మెత్తటి హెల్మెట్ ఉండాలి. పడితే అక్కడ మెదడుకి అడ్డం చర్మమే.

ఇంటివాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఎముక లేనిచోట చర్మం నెలలు గడిచేకొద్దీ లోపలికి గుంటపడుతుంది. కొందరికి అలా గుంటపడ్డాక కూర్చోబెడితే చాలు తలనొప్పి, కళ్లు తిరగడం, మాట మందగించడం, అంతకుముందు లేస్తున్న చెయ్యి లేవకపోవడం. పడుకోబెడితే కాస్త తేరుకుంటారు. వ్యాయామం ఎంత పెంచినా ఇది పోదు, బయటి గాలి ఒత్తిడి నేరుగా మెదడు మీద పడుతోంది. ఎముక తిరిగి అమర్చాక మాటలోనూ నడకలోనూ మార్పు కనిపించినవాళ్లున్నారు. కాబట్టి ఎముక పెట్టించడం అందం కోసమేనని, డబ్బులున్నప్పుడు చూసుకుందామని ఏళ్లు వాయిదా వేయకండి.

రోజురోజుకీ బాగవుతున్నవాడు ఉన్నట్టుండి వెనక్కి వెళ్తున్నాడు. ఫిజియోను మార్చాలా?

ఫిజియోను తర్వాత మారుద్దురుగాని, ముందు సర్జన్‌గారి దగ్గరకు వెళ్లండి. పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలిచింది ఇదొక్కటే. తలకు దెబ్బ తగిలినవాళ్లు నెమ్మదిగా ముందుకు వెళ్తారు, ఒక్కోచోట వారాల తరబడి ఆగుతారు. కానీ వచ్చిన పని పోకూడదు. పోతోందంటే లోపల ఏదో జరుగుతోంది. అది చాలాసార్లు సరిచేయగలిగినదే.

ఎక్కువగా చూసేది తలలో నీరు చేరడం. మెదడు లోపల రోజుకు దాదాపు అర లీటరు ద్రవం ఊరుతుంది, అంతే ద్రవం నెత్తుట్లోకి ఇంకిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు కారిన నెత్తురు ఆ ఇంకే దారులను మూసేస్తే నీరు నిలుస్తుంది. అది అరుపులతో రాదు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు అడుగు పడదు. మూత్రం బట్టల్లోనే పోతుంది. పిలిస్తే పలకడానికి ఆలస్యమవుతుంది. "బద్ధకం చేస్తున్నాడు, ఎక్సర్‌సైజు ఎగ్గొడుతున్నాడు" అని ఇంట్లో కసురుతుంటారు. మేం ఫిజియోలం కూడా కసురుతాం, ఒప్పుకోవాలి. సీటీ స్కాన్ తీస్తే సంగతి బయటపడుతుంది. అవసరమైతే షంట్ వేస్తారు: తల లోంచి చెవి వెనకగా, మెడా ఛాతీ చర్మం కిందుగా పొట్టలోకి వెళ్లే సన్నటి గొట్టం. షంట్ సరిగా పనిచేస్తే, అప్పటిదాకా మొరాయించిన ఫిజియో ఒక్కసారిగా అందుకుంటుంది.

పెద్దవయసువాళ్లకు చిన్న దెబ్బే తగిలినా, కొన్ని వారాలకు పుర్రె కింద నెత్తురు పల్చటి పొరలా చేరుతుంది. నెత్తురు పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు మరీనూ. నడక తూలుతుంది, ఒకవైపు బలం తగ్గుతుంది. పుర్రెకు చిన్న రంధ్రం వేసి తీసేస్తే చాలామంది తేరుకుంటారు. "వయసు మీద పడింది" అనుకుని మంచాన ఉంచేస్తే మాత్రం చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఇవి కాక ఎవరూ చూడకుండా వచ్చిపోయే ఫిట్స్, నెత్తుట్లో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మత్తునిచ్చే మాత్రలు కూడా కారణం కావచ్చు.

షంట్ ఉన్నవాళ్లకు తలనొప్పి, వాంతులు, మగత కలిసి వస్తే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకండి.

వెన్నుకి రాడ్లు వేశారు, ఎక్స్‌రేలో బాగున్నాయంటున్నారు. కాళ్లెందుకు రావట్లేదు?

రాడ్లు పట్టి ఉంచేది వెన్నుపూసను. కాళ్లను ఆడించేది దాని లోపలి వెన్నుపాము. విరిగిన గూడు సరిచేయగలరు, నలిగిన పాముని అతికించలేరు. మరి సర్జరీ ఎందుకంటే, రెండు లాభాలు. నొక్కుతున్న ఎముక ముక్కను తొందరగా తొలగిస్తే, వీలైతే 24 గంటల లోపు, మిగిలిన నరాలకు బతికే అవకాశం ఎక్కువ. రెండోది మా పనికి సంబంధించింది: రాడ్లు పడితే మనిషిని కొద్దిరోజుల్లోనే కూర్చోబెట్టవచ్చు. ఆపరేషన్ లేకుండా ఎముక అతుక్కునేదాకా వారాల తరబడి మంచం మీదే ఉంచితే పడక పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో నెత్తురు గడ్డలు కాచుకుని ఉంటాయి.

కాళ్లు వస్తాయా అన్నదానికి మొదటి రోజే జవాబు చెప్పలేరు. దెబ్బ తగలగానే వెన్నుపాము కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, పూర్తిగా మూగబోతుంది. ఆ షాక్ దిగాక డాక్టర్లు గుండుసూదితో, దూదితో ఒళ్లంతా పరీక్షించి 'ఏ' (A) నుంచి 'ఈ' (E) దాకా గ్రేడ్ ఇస్తారు. 'ఏ' అంటే దెబ్బ కింద కదలికా లేదు, స్పర్శా లేదు. 'ఈ' అంటే అంతా మామూలే. మలద్వారం దగ్గర స్పర్శ ఉందా అని వేలుపెట్టి చూస్తారు, సిగ్గుపడకండి. అక్కడ స్పర్శ మిగిలి ఉంటే తీగ మొత్తం తెగలేదని అర్థం. ముందు ముందు వచ్చే మెరుగుదల గురించి ఎమ్మారై కన్నా ఆ పరీక్షే ఎక్కువ చెబుతుంది.

కాళ్లు వాటంతటవే ఎగురుతున్నాయి. నడక వస్తున్నట్టేనా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అమ్మల కళ్లల్లో వెలుగుంటుంది, అందుకే జవాబు చెప్పడం కష్టం. అది మనిషి కదిపితే కదిలిన కాలు కాదు. మెదడు అదుపు తప్పిన వెన్నుపాము తనంతట తాను బిగించి వదులుతోంది. పరీక్ష సులువే: "ఎడమకాలి బొటనవేలు పైకి లేపు" అనండి. చెప్పినప్పుడు, చెప్పినంతే కదిలితే అది వచ్చిన కదలిక.

బిగుతు అంతా చెడ్డదీ కాదు. కొందరు ఆ బిగువు మీదే నిలబడతారు, పూర్తిగా తీసేస్తే కూలబడతారు. అడ్డం వస్తుంటే మొదట రోజువారీ సాగతీత, ఆపైన బాక్లోఫెన్ లాంటి మాత్రలు. వాటిని డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పండగకి ఊరెళ్తూ మాత్రలు మరిచిపోయి ఆసుపత్రి పాలైనవాళ్లను చూశాను. ఒకటి రెండు కండరాలే మొండికేస్తే బోటాక్స్ ఇంజెక్షన్, దాని పని సుమారు 3 నెలలు. ఇవేవీ లొంగకపోతే మళ్లీ న్యూరోసర్జన్ వంతు: పొట్ట చర్మం కింద చిన్న పంపు అమర్చి మందును నేరుగా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి చుక్కచుక్కగా పంపడం, కొన్ని సందర్భాల్లో బిగుతుకు కారణమైన నరాల పోగుల్ని ఎంచి కత్తిరించడం. పంపు ఖరీదైనది, మందు నింపించుకోవడానికి మళ్లీ మళ్లీ తిరగాలి. ఆ తిరుగుడు మీ వల్ల అవుతుందో లేదో ముందే ఆలోచించుకోండి.

బిగుతు ఉన్నట్టుండి పెరిగితే మాత్ర పెంచే ముందు ఒళ్లంతా వెతకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పుండు, కాలిగోరు లోపలికి గుచ్చుకోవడం, ఏదైనా కావచ్చు. స్పర్శ లేని ఒళ్లు నొప్పిని అలాగే చెప్పుకుంటుంది. ఏమీ దొరకక, స్పర్శ లేని భాగం పైకి పాకుతున్నా, చేతుల్లో కొత్తగా బలం తగ్గుతున్నా ఎమ్మారై తీయించండి. వెన్నుపాము లోపల నీటితిత్తి ఏర్పడి ఉండొచ్చు. అది దెబ్బ తగిలిన ఎన్నో ఏళ్లకు కూడా రావచ్చు, దానికి ఆపరేషన్ ఉంది.

మూత్రం గొట్టం ఎన్నాళ్లు?

వీలైనంత తక్కువ. చేతులు పనిచేసేవాళ్లు 4 నుంచి 6 గంటలకోసారి తామే సన్నటి గొట్టం పెట్టి ఖాళీ చేసుకోవడం నేర్చుకోవాలి. ఒకసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోవాలి. కిడ్నీలను కాపాడే పద్ధతి ఇది. మూత్రానికి భయపడి మంచినీళ్లు మానేసేవాళ్లే ఎక్కువ, మన మే నెల ఎండల్లో అది ఇంకా ప్రమాదం.

మెడ దెబ్బ మనిషి. ఒక్కసారిగా తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ విపరీతం. ఏం చేయాలి?

పడుకోబెట్టకండి, వెంటనే కూర్చోబెట్టండి. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం గొట్టం మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూడండి. మెడకు గానీ ఛాతీ పైభాగంలో వెన్నుకు గానీ దెబ్బ తగిలినవాళ్లకు, కింద మూత్రసంచి నిండినా, మలం గట్టిపడినా ఒళ్లు ఇలా బీపీ పెంచేస్తుంది. కారణం తీస్తే నిమిషాల్లో దిగుతుంది. దిగకపోతే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో డాక్టరుకి కూడా "వెన్నుపాము దెబ్బ ఉంది" అని మీరే చెప్పండి, లేకపోతే మామూలు బీపీ అనుకుంటారు.

పసరు మందు, పావురం నెత్తురు, కాపడం... పనిచేస్తాయా?

పనిచేయవు. నూనె రాస్తే పోయేదేమీ లేదు, రాసుకోండి. పసరు లోపలికి తాగించకండి, ఫిట్స్ మాత్రలతో కలిసి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా భయం కాపడం. స్పర్శ లేని కాళ్లకు వేడి ఇటుక, ఇసుకమూట పెడితే కాలినట్టు మనిషికి తెలియదు, బొబ్బలు లేచాక మీకు తెలుస్తుంది. మెడపూసను కట్టువైద్యుల చేత సరిచేయించడం సంగతి అసలు తలపెట్టకండి.

మనిషి మారిపోయాడు. కసురుతాడు, కొడతాడు, సిగ్గు లేకుండా మాట్లాడతాడు.

నుదుటి వెనక మెదడు పని తమాయించుకోవడం. అక్కడ దెబ్బ తగిలితే ఆ బ్రేకు పోతుంది. ఎవరో ఏదో చేయించారనుకుని తాయెత్తులకు తిరిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. కొత్తగా మొదలైతే ఒకసారి స్కాన్ చూపించి తలలో నీరు లేదని నిర్ధారించుకోండి. ఆ తర్వాత సైకియాట్రిస్టు మందులు, క్లినికల్ సైకాలజిస్టు శిక్షణ, ఇంట్లో చప్పుడు తగ్గించడం, రోజంతా ఒకే పద్ధతిలో నడిపించడం. భార్యే ఎక్కువ దెబ్బలు తింటుంది. ఆమెకూ వారానికి ఒక పూట సెలవు కావాలి. ఆ పూట ఎవరు కూర్చుంటారో అత్తగారూ ఆడపడుచులూ తేల్చుకోవాలి.

స్టెమ్ సెల్స్ వేస్తే నడుస్తారని ఎవరో చెప్పారు. పొలం అమ్మమంటారా?

అమ్మకండి. ఐసీఎమ్మార్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో నెత్తురుకి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మిగతావాటికి స్టెమ్ సెల్స్ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే వాడాలి. ప్రయోగంలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటేనే లెక్క తేలిపోయింది.

వెన్నుపాముకి కరెంటు ఇచ్చి నడిపించిన వీడియోలు నిజమే. స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో నరాల శాస్త్రవేత్త గ్రెగ్వార్ కూర్టీన్, న్యూరోసర్జన్ జోసెలిన్ బ్లాక్ బృందం 2018లో, 2023లో ఆ పరిశోధనలు ప్రచురించింది. పరికరం అమర్చింది సర్జనే. కానీ అమర్చాక నెలల తరబడి సాధన చేసినవాళ్లే అడుగులు వేశారు. మన వీధిలో దొరికే వైద్యం కాదు అది, ఇప్పటికి.

నడవలేకపోతే ఇంత ఫిజియో చేయించి ఏం లాభం?

రెండో ప్రపంచ యుద్ధం ముందుదాకా వెన్ను విరిగినవాడు మూత్రం ఇన్‌ఫెక్షన్‌తోనో పుండ్లతోనో త్వరలోనే పోతాడని డాక్టర్లే అనుకునేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ఆ మాట కొట్టిపారేశాడు. న్యూరోసర్జరీలో తర్ఫీదైన మనిషి. 2 గంటలకోసారి పక్క తిప్పించాడు, మూత్రం సంగతి తానే చూశాడు, 1948లో వీల్‌చైర్ సైనికులకు విలువిద్య పోటీలు పెట్టాడు. పారాలింపిక్స్ అక్కణ్ణుంచే వచ్చాయి. మనవాళ్లు తరచూ వెళ్లే వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, ఆ తర్వాత తాను వీల్‌చైర్‌లోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అక్కడి రిహాబిలిటేషన్ విభాగాన్ని నిలబెట్టిందీ ఆవిడే.

మీ ఇంటి సంగతికి వస్తే, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి తనంతట తాను మారగలగడం, పుండు లేకపోవడం, గుమ్మం దగ్గర చెక్క ర్యాంపు, కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర తిరిగి కూర్చోవడం. వీటికోసం చేయిస్తున్నాం.

ఖర్చు ఎలా? సర్కారు నుంచి ఏమొస్తుంది?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రమాదాల న్యూరోసర్జరీలు చాలావరకు ఉన్నాయి. నెలల తరబడి ఇంట్లో చేయించే ఫిజియో ఖర్చు మాత్రం మీదే, అదే అసలు భారం. రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద మొదటి 7 రోజులకు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఉంది, పోలీసులకు సమాచారం అందాలి. గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. సదరం సర్టిఫికెట్ కోసం సచివాలయంలో అడగండి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు.

మళ్లీ సర్జన్‌గారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

డిశ్చార్జి సమ్మరీ, పాత స్కానుల సీడీలు. ఫిల్ములు ఎండకు అంటుకుపోతాయి, సీడీ అడిగి తీసుకోండి. వాడుతున్న మాత్రల అట్టలు. ఫోన్లో చిన్న వీడియోలు: పోయిన నెల ఎలా కూర్చున్నాడో ఒకటి, ఈ నెల ఎలా కూర్చున్నాడో ఒకటి. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో మీ మాటలకన్నా ఆ రెండూ ఎక్కువ చెబుతాయి. షంట్ వేసి ఉంటే దాని స్టిక్కరో కార్డో తప్పకుండా ఉండాలి. కొన్ని షంట్ల ప్రెషర్‌ను బయట నుంచి అయస్కాంతంతో మారుస్తారు, అలాంటివాటి సెట్టింగు ఎమ్మారై తీసినప్పుడు మారిపోవచ్చు. కార్డును స్కానింగ్ సెంటర్లో ముందే చూపించి, ఎమ్మారై అయ్యాక సెట్టింగు ఒకసారి సరిచూడమని సర్జన్‌గారిని మీరే అడగండి.